జబ్బు తగ్గింది సరే, మనిషి ఎలా ఉన్నాడు? (మల్టిపుల్ మైలోమా పరిశోధన మీద ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను మందులు రాసే డాక్టర్ని కాదు. మీరు ఇచ్చిన రక్తం, మూత్రం, తుంటి ఎముకలోంచి తీసిన మజ్జ, ఇవన్నీ వచ్చి చేరేది నా బల్ల మీదకి. ఇన్నేళ్ళుగా మైక్రోస్కోపులోంచి మీ కణాల్ని చూస్తున్నాను గానీ మీ మొహాలు చూసింది తక్కువ, అందుకే ఇవాళ కాస్త కంగారుగానే ఉంది. (నవ్వులు)

నన్ను మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే ఈ రక్త కేన్సర్, దాని పరిశోధన మీద మాట్లాడమన్నారు. కొత్త మందుల పేర్లు వరసగా చదివితే గంట గడిచిపోతుంది, ఇంటికెళ్ళాక ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఈ రంగంలో పదే పదే ఎదురయ్యే ఒక చిక్కు చెప్తాను. నా ల్యాబులో అంకె బాగుపడితే మనిషి బాగుపడ్డట్టేనా? అవును అనుకుంటాం కదా. చాలాసార్లు అవుననే తేలింది. కొన్నిసార్లు మాత్రం తలకిందులైంది, ఆ కథలే ఎక్కువ చెప్తాను.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా. ఎముక మజ్జలో ప్లాస్మా కణాలని ఉంటాయి, యాంటీబాడీలు తయారుచేయడమే వాటి ఉద్యోగం. స్లైడు మీద వీటిని గుర్తుపట్టడం తేలిక. కోడిగుడ్డు ఆకారం, ముదురు నీలం రంగు, కేంద్రకం మధ్యలో ఉండకుండా ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, దాన్ని ఆనుకునే లేతగా చిన్న ఖాళీ కనిపిస్తుంది, తయారైన యాంటీబాడీ బయటికి వెళ్ళేముందు ప్యాకింగ్ అయ్యేది అక్కడే. ఆరోగ్యంగా ఉన్న మజ్జలో ఇవి నూటికి రెండో మూడో కనిపిస్తాయి. మైలోమా ఉంటే స్లైడు ఎటు జరిపినా ఇవే. అన్నీ ఒకే కణానికి పుట్టినవి, అన్నీ ఒకే రకం ప్రొటీన్ పోస్తుంటాయి. రక్తంలో ఆ ప్రొటీన్ ఎంత ఎక్కువవుతుందంటే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని నాణేలు దొంతరగా పేర్చినట్టు కనిపిస్తాయి. రక్తంలో ప్రొటీన్లని కరెంటుతో విడదీసి గీసే ఎలక్ట్రోఫోరిసిస్ గ్రాఫులో మామూలుగా చివర్న పల్లంగా, వెడల్పుగా ఒక దిబ్బ ఉండాలి, వీళ్ళకి అక్కడ నిటారుగా ఒక మేకు లేస్తుంది. మీ రిపోర్టులో ఎం స్పైక్ అనో ఎం బ్యాండ్ అనో రాసేది ఆ మేకునే.

ఈ కణాల వల్ల ఎముకలు గుల్లబారతాయి, కాల్షియం రక్తంలోకి వచ్చేస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తం తగ్గిపోతుంది. నడుంనొప్పి అని నెలల తరబడి తిరిగి తిరిగి, ఆఖరికి ఎవరో ఒక రక్తపరీక్ష రాస్తే బయటపడినవాళ్ళు ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తమనను, నాకు తెలుసు.

దీని చరిత్ర మొదలైందే ల్యాబులో, అది చెప్పకుండా ఉండలేను. 1845లో లండన్‌లో ఒక వ్యాపారికి భరించలేని ఎముకల నొప్పులు. ఆయన మూత్రం వేడిచేస్తే తెల్లగా గడ్డకట్టింది, ఇంకా మరిగిస్తే కరిగిపోయింది, చల్లారాక మళ్ళీ గడ్డకట్టింది. మామూలు ప్రొటీన్ ఒకసారి గడ్డకడితే అంతే, వెనక్కి పోదు. ఆ వింత గమనించింది విలియం మాకింటైర్ అనే డాక్టరు. ఆయన, థామస్ వాట్సన్ అనే ఇంకో డాక్టరు కలిసి ఆ శాంపిల్‌ని హెన్రీ బెన్స్ జోన్స్‌కి పంపి ఇదేమిటో చెప్పమని అడిగారు. ఈ రోజుకీ దాన్ని బెన్స్ జోన్స్ ప్రొటీన్ అంటున్నాం. గమనించింది ఒకరు, పేరొచ్చింది ల్యాబ్ ఆయనకి. ల్యాబువాళ్ళకి పేరు రావడం బహుశా అదే ఆఖరు. (నవ్వులు)

సరే, మందుల దగ్గరికి వద్దాం. 1947లో యూరెథేన్ అనే రసాయనం మైలోమాకి పనిచేస్తుందని ఒక రిపోర్టు వచ్చింది. ఒక పేషెంటుకి ప్రొటీన్ తగ్గింది, హిమోగ్లోబిన్ పెరిగింది, మజ్జలో కణాలు తగ్గాయి. ఒక్క పేషెంటు. అంతే, ఆ తర్వాత దాదాపు 20 ఏళ్ళు మైలోమా అంటే యూరెథేనే. తాగితే వికారం, వాంతులు, అన్నం సహించదు. అయినా తాగించారు, ఎందుకంటే ఇంకేం లేదు, పైగా "అందరూ ఇస్తున్నారు". చివరికి 1966లో జేమ్స్ హాలండ్ బృందం 83 మందితో పరీక్ష పెట్టింది. సగంమందికి యూరెథేన్, మిగతావాళ్ళకి చెర్రీ, కోలా రుచులు కలిపిన ఉత్త సిరప్. యూరెథేన్ వల్ల ఏ ప్రయోజనమూ కనపడలేదు. పైగా ఆ మందు తాగినవాళ్ళకంటే ఉత్త సిరప్ తాగినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. నాకు ఈ కథ చదివినప్పుడల్లా ఆ 20 ఏళ్ళలో వాంతులు చేసుకుంటూ అది తాగినవాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళకిచ్చిన డాక్టర్లు చెడ్డవాళ్ళేం కాదు. పోల్చి చూడాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఆ తర్వాత మెల్ఫలాన్ అనే కీమో మందు వచ్చింది, దానికి స్టెరాయిడ్ తోడైంది, 1983లో మెక్‌ఎల్‌వెయిన్, పౌల్స్ అనే ఇద్దరు డాక్టర్లు మెల్ఫలాన్‌ని ఎన్నో రెట్లు ఎక్కువ డోసులో ఇచ్చి చూశారు, అక్కడినుంచే మనం ట్రాన్స్‌ప్లాంట్ అని పిలిచే పద్ధతి పుట్టింది. ట్రాన్స్‌ప్లాంట్ అంటే అవయవ మార్పిడి అనుకోకండి, రక్తాన్ని పుట్టించే మీ మూలకణాల్నే ముందు తీసి దాచి, గట్టి డోసు మందుతో మజ్జని ఊడ్చేసి, దాచినవి తిరిగి ఎక్కించడం.

ఇప్పుడు థాలిడోమైడ్. ఈ పేరు వింటే పాతతరం డాక్టర్లకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది, గర్భిణులు వేవిళ్ళకి వేసుకున్నారు, 10,000 మందికి పైగా పిల్లలు చేతులో కాళ్ళో సరిగ్గా ఎదగకుండా పుట్టారు, 1961లో వెనక్కి తీసుకున్నారు. ఆ మందు మళ్ళీ బతికిందంటే దానికి కారణం కుష్ఠురోగులు. 1960ల్లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ అనే డాక్టరు నొప్పితో నిద్రపట్టని ఒక పేషెంటుకి నిద్రకోసమని ఇస్తే, ఒంటిమీద పుండ్లూ వాపులూ తగ్గిపోయాయి. ఇంకో 30 ఏళ్ళ తర్వాత, కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఈ మందు ఆపుతుందని జూడా ఫోక్‌మన్ ల్యాబులో తేలింది. మైలోమాతో ఉన్న భర్తకోసం దారి వెతుకుతున్న ఒక భార్య ఆయనకి ఫోన్ చేసింది, ఏదైనా ఉందా అని. అలా అది అర్కాన్సాలో బార్ట్ బార్లొగీ దగ్గరికి చేరింది. ఆ భర్తకి అది పనిచేయలేదు. వేరేవాళ్ళకి చేసింది. అప్పటికే అన్ని మందులూ అయిపోయిన 84 మందికి ఇస్తే 32 శాతం మందికి ప్రొటీన్ తగ్గిందని 1999లో ప్రచురించారు. ఆ భార్యని నేను మర్చిపోలేను, ఈ రోజు మీలో చాలామంది వేసుకుంటున్న లెనాలిడోమైడ్ ఆ థాలిడోమైడ్ సంతతే.

తమాషా ఏంటంటే అది ఎలా పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలీదు. రక్తనాళాల మీద అనుకున్నారు. 2010లో జపాన్‌లో ఇటో, హండా బృందం సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కి ఇది అతుక్కుంటుందని కనిపెట్టింది, 2014లో అసలు గుట్టు బయటపడింది. కణంలో పనికిరాని ప్రొటీన్లని చెత్తబుట్టలోకి పంపే ఏర్పాటొకటి ఉంటుంది. ఈ మందు ఆ ఏర్పాటుని పక్కదారి పట్టించి, మైలోమా కణం బతకడానికి కావలసిన రెండు ప్రొటీన్లని చెత్త కింద జమకట్టిస్తుంది. బోర్టిజోమిబ్ అని ఇంకో మైలోమా మందుంది, దీనికి సరిగ్గా ఎదురు, అది చెత్త తీసేవాడినే ఆపేస్తుంది. ప్లాస్మా కణం సెకనుకి వేలకొద్దీ యాంటీబాడీలు తయారుచేస్తుంది కాబట్టి చెత్త కూడా ఎక్కువే, తీసేవాడు రాకపోతే ఊపిరాడక చస్తుంది. 2003లో అనుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వచ్చాను. లెనాలిడోమైడ్‌తో పాటు డెక్సామెథసోన్ ఇస్తారు కదా, మీరంతా తిట్టుకునే ఆ స్టెరాయిడ్, రాత్రి నిద్ర పట్టదు, షుగర్ పెరుగుతుంది, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటారు. అప్పట్లో దాన్ని 28 రోజుల్లో 12 రోజులు, రోజుకి 40 మిల్లీగ్రాములు ఇచ్చేవారు. విన్సెంట్ రాజ్‌కుమార్, ఆయన సహచరులు 445 మందితో ఒక ట్రయల్ చేశారు. సగంమందికి పాత పద్ధతి, సగంమందికి వారానికి ఒక్కరోజే, అంటే నెలకి నాలుగు రోజులు. మొదటి నాలుగు నెలల్లో ఎక్కువ డోసు వాళ్ళలోనే నా ల్యాబ్ అంకెలు బాగున్నాయి. 79 శాతం మందికి ప్రొటీన్ బాగా తగ్గింది, తక్కువ డోసులో 68 శాతం మందికే. అక్కడితో ఆపేసి ఉంటే ఎక్కువ డోసే గెలిచిందని రాసుకునేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి ఎంతమంది బతికున్నారో చూశారు. తక్కువ డోసులో 96 శాతం. ఎక్కువ డోసులో 87.

ఇది ఇంకోసారి చెప్తాను. జబ్బు ఎక్కువగా తగ్గినచోట మనుషులు ఎక్కువగా పోయారు. రక్తం గడ్డలు, ఇన్ఫెక్షన్లు. 2010లో ఈ ఫలితం అచ్చయింది. మీరు ఇవాళ వారానికి ఒక్కసారే డెక్సా వేసుకుంటున్నారంటే దీని పుణ్యమే. దీనికి ఏ కంపెనీ కొత్త మాత్రా కనిపెట్టలేదు, ఉన్నమాత్రే తగ్గించారు.

ఇలాంటిదే ఇంకోటి. బోర్టిజోమిబ్‌తో చేతుల్లో, పాదాల్లో తిమ్మిర్లు, మంటలు. మొదట్లో దాన్ని నరానికి ఇచ్చేవారు. 2011లో ఫిలిప్ మొరో బృందం 222 మందిలో, నరానికి బదులు చర్మం కిందకి ఇస్తే ఏమవుతుందో చూసింది. మందు అంతే పనిచేసింది, తిమ్మిర్లు మాత్రం 53 శాతం నుంచి 38 శాతానికి తగ్గాయి. సూది గుచ్చే చోటు మార్చారు, అంతే. చొక్కా బొత్తాలు తనే పెట్టుకోగలిగిన ఎంతమందికి ఇది తెలుసో నాకు తెలీదు.

తలకిందులైన ఇంకో కథ కూడా చెప్పి ముందుకెళ్తాను. వెనెటోక్లాక్స్ అని, సీఎల్‌ఎల్ అనే రక్త కేన్సర్లో బ్రహ్మాండంగా పనిచేసే మాత్ర. మైలోమాలో 291 మందితో ట్రయల్ చేస్తే జబ్బు తిరగబెట్టడం బాగా ఆలస్యమైంది, కానీ మందు తీసుకున్న గుంపులోనే చావులు ఎక్కువ, 2019లో ట్రయల్స్ కొన్నాళ్ళు ఆపేయాల్సి వచ్చింది. ఒక ప్రత్యేకమైన క్రోమోజోమ్ మార్పు ఉన్నవాళ్ళకి మాత్రం అది మేలు చేస్తున్నట్టే కనిపించింది. అందుకే మీ మజ్జ శాంపిల్‌ని ఫిష్ టెస్టుకి పంపుతాం, చేపలతో సంబంధం లేదు. (నవ్వులు)

ఇక డారటుముమాబ్. ఇది నా సొంత గొడవ, కాస్త సేపు పడుతుంది. మైలోమా కణాల మీద సీడీ 38 అనే గుర్తు దట్టంగా ఉంటుంది, ఆ గుర్తుని పట్టుకునే యాంటీబాడీ ఈ మందు. 2015 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. చిక్కేంటంటే అదే గుర్తు ఎర్రకణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది. మొదటిసారి మాకు తెలీదు. ఒక పేషెంటుకి రక్తం ఎక్కించాలి, దాత రక్తం ఆయన రక్తంతో కలుస్తుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ చేశాం, కలవలేదు. ఇంకో యూనిట్ తెచ్చాం, కలవలేదు. వరసగా ఎన్ని సీసాల రక్తంతో చూసినా ఒకటే గోల, అన్నీ గుంపులు కట్టేస్తున్నాయి. వార్డునుంచి ఫోన్ మీద ఫోన్, హిమోగ్లోబిన్ అయిదుకి పడిపోయింది, ఇంకా ఎంతసేపండీ అని. మా టెక్నీషియన్ చెమటలు తుడుచుకుంటోంది. ఆఖరికి నేను, ఈ మధ్య ఏమన్నా కొత్త మందు పెట్టారా అని అడిగితే అప్పుడు చెప్పారు. ఫారం మీద ఎవరూ రాయలేదు. ఇప్పుడైతే డీటీటీ అనే రసాయనంతో ఎర్రకణాల మీది ఆ గుర్తుని చెరిపేసి పరీక్ష చేస్తాం, మందు మొదలుపెట్టే ముందే బ్లడ్ గ్రూపు వివరాలు రాసి పెట్టుకుంటాం.

ఈ డారటుముమాబ్‌ని అప్పటికే వాడుతున్న మూడు మందులతో కలిపి మొదట్లోనే ఇస్తే ఏమవుతుందో పెర్సియస్ అనే ట్రయల్ చూసింది, 709 మంది. నాలుగేళ్ళకి జబ్బు ముదరకుండా బతికున్నవాళ్ళు నాలుగు మందులతో 84 శాతం, మూడింటితో 68 శాతం. ఇది గట్టి ఫలితం, ఇందులో నాకు పేచీ లేదు. ట్రాన్స్‌ప్లాంట్ సంగతి అలా కాదు. 722 మందితో చేసిన డిటర్మినేషన్ ట్రయల్‌లో, ట్రాన్స్‌ప్లాంట్ వెంటనే చేయించుకున్నవాళ్ళకి జబ్బు సగటున 67 నెలలదాకా ఆగింది, వాయిదా వేసుకున్నవాళ్ళకి 46 నెలలు. కానీ ఆరేళ్ళదాకా చూసినా రెండు గుంపుల్లో బతికున్నవాళ్ళ లెక్క ఇంచుమించు ఒకటే. ఇప్పుడే చేయించుకోవాలా అని మీ డాక్టర్ని అడిగితే ఆయన నసిగాడంటే ఆయనకి తెలీక కాదు, నిజంగానే రెండువైపులా మాట ఉంది.

కార్-టి గురించి ఎదురుచూస్తున్నారని తెలుసు. రోగాలతో పోరాడే మీ టీ కణాల్ని రక్తంలోంచి తీసి, ఫ్యాక్టరీకి పంపి, మైలోమా కణాన్ని గుర్తుపట్టే జన్యువు ఒకటి వాటిలోకి ఎక్కించి, కొన్ని వారాల తర్వాత తిరిగి మీకే ఇస్తారు. మైలోమాకి మొదటిది 2021లో, రెండోది సిల్టా-సెల్ 2022లో వచ్చాయి. ఈ రెండోది చైనాలో మొదలైన పని, 2017లో వాళ్ళ అంకెలు చూసి చాలామంది నమ్మలేదు, నేనూ నమ్మలేదు. తర్వాత అమెరికాలో, అన్ని మందులూ అయిపోయిన 97 మందికి ఒకే ఒక్కసారి ఇచ్చారు, 2025లో వాళ్ళ అయిదేళ్ళ లెక్క వచ్చింది. 32 మంది, అంటే మూడోవంతు, ఇంకే మందూ లేకుండా, జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. అంతకుముందు అలాంటివాళ్ళ ఆయుష్షుని నెలల్లో లెక్కపెట్టేవాళ్ళం. నయమైపోయింది అనొచ్చా అని కొట్టుకుంటున్నారు పెద్దలు. నేనైతే ఇంకో అయిదేళ్ళు ఆగమంటాను.

దీనికి రెండోవైపు కూడా చెప్పాలిగా. కణాలు ఎక్కించాక జ్వరం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి మెదడు మీద ప్రభావం. వార్డులో ఒక చిన్న పరీక్ష పెడతారు, రోజూ ఒక వాక్యం రాయమంటారు, వందనుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటారు. నా స్నేహితురాలు ఒకసారి ఆ కాగితాలు చూపించింది. ఒకే మనిషి, ఒకే వాక్యం. సోమవారం గుండ్రంగా, బడిపిల్లలకి దిద్దబెట్టినట్టు. బుధవారం అక్షరాలు లైను దిగిపోయాయి. గురువారం ఒక గీత, దాని పక్కన ఒక చుక్క. శనివారానికి మళ్ళీ వాక్యం వచ్చింది, కాస్త వంకరగా. కొద్దిమందికి నెలల తర్వాత పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు కనిపించాయి, వాళ్ళలో ముందు చిన్నదైపోయింది చేతిరాతే. నా మెషిన్లేవీ పట్టుకోలేనిదాన్ని ఒక బాల్ పెన్ పట్టుకుంది.

బైస్పెసిఫిక్ మందులు, అంటే ఒకవైపు టీ కణాన్ని, ఇంకోవైపు మైలోమా కణాన్ని పట్టుకునే యాంటీబాడీలు, టెక్లిస్టమాబ్ లాంటివి, 2022నుంచి ఉన్నాయి, ఫ్యాక్టరీతో పనిలేదు, సూదిమందే. కానీ ఇన్ఫెక్షన్లు గట్టిగా వస్తాయి. వీటిలోనే టాల్క్వెటమాబ్ అనేదానితో నోటికి రుచి పోతుంది. తిండి గడ్డితిన్నట్టుంటే మనిషి ఎలా కోలుకుంటాడు? డోసుల మధ్య ఎడం పెంచి చూస్తున్నారు, మంచిదే.

ఎంఆర్‌డీ గురించి ఒక్క మాట. చికిత్స తర్వాత లక్ష కణాల్లో ఒక్క చెడ్డకణం మిగిలినా పట్టుకునే పరీక్ష. 2024 ఏప్రిల్‌లో అమెరికా మందుల సంస్థకి సలహా ఇచ్చే నిపుణుల బృందం, కొత్త మందులకి తొందరగా అనుమతి ఇవ్వడానికి ఈ అంకెని ఆధారంగా తీసుకోవచ్చని 12-0తో ఓటేసింది. ల్యాబ్ మనిషిగా నాకు సంతోషంగానే ఉంది, ఏళ్ళతరబడి ఆగక్కర్లేదు. కానీ డెక్సా ట్రయల్ గుర్తొచ్చి కాస్త గుబులుగా కూడా ఉంది. ఇలాంటి అంకె ఎలా వాడాలో సీఎంఎల్ అనే ఇంకో రక్త కేన్సర్ చూసేవాళ్ళు చూపించారు. ఆ జబ్బుకిచ్చే ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ రెండేళ్ళకి పైగా జబ్బు జాడే కనపడని 100 మందికి ఫ్రాన్స్‌లో మందు ఆపేశారు, సుమారు 40 మందికి తిరగబెట్టలేదు, మిగతావాళ్ళు మళ్ళీ మాత్ర మొదలుపెడితే జబ్బు అదుపులోకి వచ్చింది. మైలోమాలో కూడా ఈ అంకె చూసి మందు ఆపొచ్చా అని ఇప్పుడు ట్రయల్స్ నడుస్తున్నాయి. నాకు వాటి మీదే ఎక్కువ ఆశ.

ఇంక ప్రశ్నలు తీసుకుందాం. అమ్మా, మీరు చెప్పండి.

(సభలోంచి ప్రశ్న: మా అన్నయ్యకి జబ్బు లేదుగానీ ఎంగస్ ఉందన్నారు. అసలు అందరం టెస్టు చేయించుకోవాలా?)

ఎంగస్ అంటే మేకు చిన్నగా ఉంది, హాని ఏమీ చేయట్లేదు అని. ఏడాదికి నూటికి ఒకరికి అది మైలోమాగానో దాని చుట్టం జబ్బుగానో మారుతుంది, తొంభైతొమ్మిది మందికి ఆ ఏడాది ఏమీ కాదు. ఐస్‌లాండ్‌లో 2016నుంచి, 40 దాటిన 80,000 మందికి పైగా ఈ పరీక్షకి పేరిచ్చారు. ఆ వయసువాళ్ళలో సగానికి పైగా, అనుకోండి. ముందే తెలుసుకుంటే ఆయుష్షు పెరుగుతుందా, లేక ఊరికే టెన్షన్ పెరుగుతుందా అన్నదే వాళ్ళు చూస్తున్నది. ఎంగస్‌కీ మైలోమాకీ మధ్య స్మోల్డరింగ్ అని ఒక దశ ఉంది, అందులో ముదిరే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి డారటుముమాబ్ ఇస్తే జబ్బు ఆలస్యమవుతుందని 390 మంది ట్రయల్‌లో తేలింది, అయిదేళ్ళకి జబ్బు ముదరకుండా బతికున్నవాళ్ళు 63 శాతం, ఊరికే కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో 41 శాతం. మీ అన్నయ్యగారిది అది కాదు. చెప్పిన తారీకుకి రక్తం ఇచ్చి రమ్మనండి, మధ్యలో ఇంటర్నెట్ చూడొద్దనండి.

(ఇంకో ప్రశ్న: మా నాన్నగారికి డారటుముమాబ్ నడుస్తోంది. అన్నీ బాగున్నాయి గానీ ఎం బ్యాండ్ సన్నగా ఇంకా మిగిలే ఉందని రిపోర్టు. అంటే మందు సరిగ్గా పనిచేయట్లేదా?)

నాన్నగారిది ఏ రకం? ఐజీజీ కప్పా అనే రకం ప్రొటీనా? సరిగ్గా అందుకే. డారటుముమాబ్ కూడా ఐజీజీ కప్పా యాంటీబాడీయే, మా గ్రాఫులో అది కూడా చిన్న మేకులాగే లేస్తుంది. మీరు చూసింది జబ్బు కాకపోవచ్చు, మందు కావచ్చు. రెండింటినీ విడదీసే పరీక్ష ఉంది, మీ డాక్టర్ని అడగండి. ఈసారి శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో ఏ మందు నడుస్తోంది అన్నచోట పేరు, ఆఖరి డోసు తారీకు రాయించండి. ఆ గడి ఖాళీగా వస్తే మేము దాన్ని జబ్బనే చదువుతాం.